మెలిపడని నిచ్చెన

వల కట్టడంలో మా ఈశ్వర్ బావని మించినవాడు మా పేటలో లేడని నేనంటే, మొగుడు కాబట్టి వెనకేసుకొస్తోందంటారు. అందుకని ఆ మాట నేను చెప్పను. మా తండేలు దాలయ్య మావని అడగండి, ఆయనే చెబుతాడు. అంతటి పనివాడు నామీద ప్రేమకొద్దీ కట్టిచ్చిన ఒక వస్తువు నా ఉద్యోగాన్ని ఎలా నీళ్లలో కలపబోయిందో, అది మాత్రం నేనే చెప్పాలి.

మాది కళింగపట్నం పక్కన సముద్రం ఒడ్డునున్న పేట. ఈశ్వర్ నాకు మేనత్త కొడుకు. పెళ్లినాటికి నేను ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. "దాని సదువు మానిపించావో, నీకు కూడొండను" అని మా అత్త కూర్మమ్మ కొడుకుని ముందే బెదిరించింది. ఆ అవసరం లేకపోయింది. నేను చదువుకుంటుంటే పక్కన కూర్చుని వల కుట్టుకోవడం కంటే అతనికి కావలసిందేమీ లేదు. కానీ అలా కూర్చునే రోజులే తక్కువ. మావాళ్లలో చాలామంది మగవాళ్లు ఆగస్టు వచ్చిందంటే రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిపోతారు. అక్కడి బోట్ల మీద పని. మళ్లీ ఎండలు ముదిరాక ఇంటికొస్తారు. బోటుకి మనుషుల్ని కూర్చి తీసుకెళ్లే పెద్దమనిషిని తండేలంటారు. మా దాలయ్య మావ ప్రతి ఏడూ మొదట అడిగే పేరు ఈశ్వర్‌దే.

అలా పెళ్లయి రెండేళ్లు దాటినా మా కాపురమంతా ఎండాకాలాల్లోనే జరిగింది. ఇద్దరం కలిసి ఒక్క దీపావళి చేసుకోలేదు. చలికి ఒక దుప్పటి కోసం కొట్టుకున్నది లేదు. సముద్రం మీద పక్క దేశం గీత దాటి పట్టుబడిన బోట్ల గురించి టీవీలో వస్తే అత్త చటుక్కున కట్టేసేది. నేను మళ్లీ పెట్టేదాన్ని.

రెండువేల పదహారు జూలై చివర్లో శ్రీకాకుళంలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ నుంచి నాకు ఫోనొచ్చింది. వృక్షశాస్త్రం చెప్పే మేడం మధ్యలో మానేశారట. శనివారం వచ్చి డెమో క్లాసు చెప్పమన్నారు. పాఠం వాళ్లే ఇచ్చారు. డి.ఎన్.ఎ. నిర్మాణం, దాని పోగుల దిశ.

"ఈ ఉజ్జోగం నీకొస్తే నాను ఎల్లను" అన్నాడు ఈశ్వర్, ఫోను పెట్టెయ్యగానే. "ఈడే బోటుకెల్తాను. వలలు బాగుసేస్తాను. ఇద్దరం బతకలేమేటి? రాకపోతే మాత్రం ఎల్లక తప్పదే దేవీ. ఆదివారం బండికి దాలయ్య మావ మనుసుల్ని సూసుకుంటన్నాడు. సెనివారం సాయంత్రానికి ఏదోటి సెప్పేస్తానన్నాను."

అంటే శనివారం ఒక్క పాఠం బాగా చెబితే మొగుడు ఇంట్లో ఉంటాడు. చెప్పలేకపోతే రైలెక్కుతాడు. నాకేమో ఆ ముందు నెలలోనే ఇంకో కాలేజీలో డెమో చెప్పి భంగపడ్డ అనుభవం ఉంది. బోర్డు వైపు తిరిగి, పుస్తకంలో ఉన్నదంతా పొల్లుపోకుండా ఒప్పజెప్పాను. "గొంతు బాగుందమ్మా. కానీ ఆ పుస్తకం మా దగ్గరా ఉంది" అన్నారు వాళ్లు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. అయితే ఉంచుకోండి అని చెప్పి వచ్చేశాను. ఈసారి అలా కుదరదు. పిల్లల కళ్లకి కనిపించే బొమ్మేదైనా చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుందనిపించింది.

"బావా, నాకో నిచ్చెన కట్టి పెట్టవా? తాడు నిచ్చెన" అని అడిగాను.

"ఎవలెక్కడానికి?"

"ఎవలూ ఎక్కరు. డి.ఎన్.ఎ. అలగే ఉంటాది" అని, సుద్దముక్క తీసుకుని అరుగు మీద బొమ్మ గీశాను. రెండు తాళ్లు, మధ్యలో మెట్లు. ఒక్కో మెట్టు రెండు ముక్కలు. ముక్కలు నాలుగు రకాలు. ఈ రకం వస్తే ఎదురుగా ఆ రకమే రావాలి, ఇంకోటి వస్తే అతకదు. పక్షం రోజులుగా వానకి పని లేక మూలుగుతున్న మనిషికి ప్రాణం లేచొచ్చినట్టయింది. ముక్కలకి పాత వలల బెండ్లు కోస్తానన్నాడు. పడవకి వేయగా మిగిలిన రంగులు నాలుగున్నాయి. ఎరుపుకి ఎదురుగా నీలం, పసుపుకి ఎదురుగా ఆకుపచ్చ.

"ఇంకోటుంది బావా. ఇది ముఖ్యం. తాడుకి ఒక మొదలు, ఒక సివర ఉంటాయి. ఈ తాడు మొదలు పైనుంటే, రెండోదాని మొదలు కిందుంటాది. రెండూ పక్కపక్కనే ఉంటాయి గానీ ఒకటి ఇలగెల్తాది, ఇంకోటి అలగెల్తాది."

"తాడుకి మొదలేటి, సివరేటి? ఎటు పట్టుకుంటే అటే మొదలు."

"మన తాడుకి నేదు. దీనికుంది. మొదటి కొసని ఐదు ప్రైమ్ అంటారు. సివరి కొసని మూడు ప్రైమ్ అంటారు."

అతను కుడుతున్న వల ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూశాడు. "మొదలు ఐదు, సివర మూడు. మరి ఒకటీ రెండూ ఏటైపోనాయి?"

నవ్వాగలేదు నాకు. తాడంటే నిజంగా తాడు కాదనీ, చక్కెర ముక్కా ఫాస్ఫేటూ ఒకదాని తర్వాత ఒకటి అతుక్కున్న గొలుసనీ, చక్కెరలో కర్బనాలకి వరసగా నంబర్లుంటాయనీ చెప్పాను. ఐదో నంబరు దగ్గర ఫాస్ఫేటు ఉంటుంది. అది పోయి పక్క చక్కెర మూడో నంబరుని పట్టుకుంటుంది. అందుకని ఒక కొసన ఐదో నంబరు ఖాళీగా మిగులుతుంది, రెండో కొసన మూడో నంబరు. అర్థమైందో లేదో గానీ అతను తల ఊపాడు. తన లెక్క తను వేసుకున్నాడు. "ఐదు కాడ తేలే బెండు కడతాను. మూడు కాడ మునిగే సీసం గుండు కడతాను. ఒక తాడుకి బెండు పైన, ఒకదానికి కింద. అంతేనా?" అన్నాడు. అంతే. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. అసలు డి.ఎన్.ఎ. నిచ్చెన తిన్నగా ఉండదని, మెలికలు తిరిగి ఉంటుందని. అరుగు మీద మెలిక గీయడం కష్టమై తిన్నగా గీసేశాను. తాళ్లు కట్టాక చేత్తో మెలి తిప్పుకోవచ్చులే అనుకున్నాను.

గురువారం నేను వంటింట్లో ఉండగా ఈశ్వర్ ఆ నిచ్చెన చూరుకి వేలాడదీశాడు. బయటికి తొంగిచూసి అలాగే నిలబడిపోయాను. ఎవరూ తిప్పకుండానే, దాని అంతట అదే మెల్లగా తిరుగుతూ మెలికలు పడుతోంది. అది కూడా కుడివైపుకి, మరచీల తిరిగినట్టు. పుస్తకంలో బొమ్మ లేచి వచ్చి మా చూరుకి వేలాడుతున్నట్టే ఉంది. తాళ్లు రెండూ ఒకే చుట్టలోంచి కోసినవి, పేనేటప్పుడు రెండిట్లో పడిన ఎడమపురి కలిసి నిచ్చెనని కుడికి తిప్పేస్తోందని నాకు తర్వాత తెలిసింది.

"అబ్బ! ఇదే బావా నాకు కావలసింది. ఎంత బాగుందో!" అన్నాను. పొయ్యి మీద పులుసు పొంగుతోందని అత్త కేకేస్తే లోపలికి పరిగెత్తాను.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. శుక్రవారం పొద్దున్నే పాత స్నేహితురాలి దగ్గర పుస్తకాలు తెచ్చుకోవడానికి శ్రీకాకుళం వెళ్లి, చీకటిపడే వేళకి వచ్చాను. చూరుకి నిచ్చెన లేదు. ఏమైందని అడిగితే, వానకి తడుస్తుందని తీసి సంచిలో పెట్టానన్నాడు. శనివారం పొద్దున సంచి నా చేతికిచ్చి, "ఈడ ఇప్పకు. సక్కగా సుట్టి కట్టాను. ఆడికెల్లి దించు, సూడు నీ తడాఖా" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. అత్త ఎదురొచ్చింది. ఆటో ఎక్కాను.

కాలేజీ రెండో అంతస్తులో ఇంటర్ రెండో సంవత్సరం క్లాసు. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ మురళీమోహన్‌గారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆయన పక్కన జంతుశాస్త్రం చెప్పే పద్మకుమారి మేడం. పిల్లలకి నేను ఎవరో ఒక వచ్చిపోయే మనిషిని. ముందు బెంచీలో ఒకమ్మాయి మాత్రం నా సంచి వైపు ఆశగా చూసింది.

నమస్కారం పెట్టి, రెండు ముక్కలు చెప్పి, మ్యాపులు తగిలించే కొక్కేనికి నిచ్చెన తగిలించాను. కట్టు విప్పి వదిలాను.

అది గిర్రున తిరిగి, ఆగి, గోడకి ఆనించిన వెదురు నిచ్చెనలాగా తిన్నగా నిలబడింది.

ఇదేమిటనుకుని కింది కొసలు పట్టుకుని కుడికి తిప్పాను. వదిలితే మళ్లీ తిన్నగా అయిపోయింది. గట్టిగా, ఇంకా ఎక్కువ తిప్పి వదిలాను. అది అంతే గట్టిగా వెనక్కి తిరిగింది. సీసం గుండు టక్కున బోర్డుకి తగిలింది. క్లాసంతా నవ్వు. పద్మకుమారి మేడం కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు చూశాను తాళ్లని దగ్గరగా. ఇవి గురువారంనాటి తాళ్లు కావు. కొత్తవి. ఒకటి కుడిపురి, ఒకటి ఎడమపురి. మా ఇళ్లలో వలకి తాడు వేసేటప్పుడు ఎప్పుడూ అలా జోడుగానే వేస్తారు. ఒకదాని మెలి ఇంకొకటి చంపేస్తుంది. అప్పుడే వల నీళ్లలో చుట్టుకుపోకుండా తెరలా నిలబడుతుంది. అంటే నేను ఊళ్లో లేని పూట ఈ మహానుభావుడు మెలిపడే నిచ్చెనని విప్పేసి, సచ్చినా మెలిపడని నిచ్చెన కట్టాడన్నమాట!

ఆ క్షణంలో ఈశ్వర్ నా ఎదురుగా ఉంటే ఆ సీసం గుండుతోనే కొట్టేదాన్ని. లేడు కాబట్టి, రేపు రైల్లో ఉంటాడు కాబట్టి, కళ్లలో నీళ్లొచ్చాయి. పిల్లలకి కనబడకుండా తల దించుకున్నాను. ఎదురుగా తాడు కొసలు కనబడ్డాయి. ఒక కొసన ఎర్రటి బెండు, పక్క కొసన సీసం గుండు. ఆ ఒక్కటీ తప్పు చెయ్యలేదు నా మొగుడు. మెట్ల రంగులు కూడా ఒక్కటీ తప్పలేదు. దీంతో చెప్పగలిగింది చెబుతాననుకున్నాను.

"మీరు నవ్వింది న్యాయమే" అన్నాను తలెత్తి. "డి.ఎన్.ఎ. మెలికలు తిరిగి ఉంటుంది. ఇది తిరగదు. ఎందుకు తిరగదో చివర్లో చెబుతాను. తిన్నగా ఉంది కాబట్టి ముందు దీని దిశ చూద్దాం. ఈ వైపు బెండు పైనుంది. ఆ వైపు?"

"కిందుంది మేడం."

"అదెందుకో తెలియాలంటే లేవండి. బెంచీల్లోంచి బయటికి రండి."

పుస్తకం మీద ఇంక చెయ్యి వెయ్యలేదు నేను. పిల్లల్ని వరసగా నిలబెట్టి చిన్నప్పటి రైలాట ఆడించాను. వెనకవాడి చేతులు ముందువాడి భుజాల మీద. "ఒక్కొక్కళ్లూ ఒక న్యూక్లియోటైడ్. మీ చేతులు ఐదో నంబరు దగ్గరున్న ఫాస్ఫేటు. మీ భుజాలు మూడో నంబరు. ఇప్పుడు రైలు ముందున్నవాడికి ఏమి ఖాళీ?" చేతులన్నారు. "చివరివాడికి?" భుజాలన్నారు. ఒక కొసకీ ఇంకో కొసకీ తేడా ఏమిటని మళ్లీ నేను అడగనక్కర్లేకపోయింది. కొత్తగా ఒకమ్మాయిని పిలిచి రైలెక్కమంటే తిన్నగా వెళ్లి చివరివాడి భుజాలు పట్టుకుంది.

"మేడం, ముందు కూడా ఎక్కొచ్చు కదా?" ఒకబ్బాయి అడిగాడు. "నేను వెళ్లి ముందు నిలబడతాను. వాడే నా భుజాలు పట్టుకుంటాడు."

మంచి ప్రశ్న. వెనక బెంచీలో ప్రిన్సిపాల్‌గారు చేతులు విప్పి ముందుకి వంగారు.

"మా పేటలో ఒడ్డు మీద నుంచి వల లాగుతారు" అన్నాను. "కొత్తగా సాయానికి వచ్చినవాడు అప్పటికే లాగుతున్నవాడితో, నన్ను పట్టుకో అనడు. తన చేతులతో తనే తాడు పట్టుకుంటాడు. బలం వచ్చేవాడి దగ్గరుంటుంది. ఇక్కడా అంతే. కొత్త న్యూక్లియోటైడ్ మూడు ఫాస్ఫేట్లు మోసుకొస్తుంది. అందులో రెండు వదిలేస్తే వచ్చే శక్తితో అతుక్కుంటుంది. వచ్చినవాడు తప్పు మనిషైతే దించేసి ఇంకొకణ్ని పిలవొచ్చు, వాడి బలం వాడు తెచ్చుకుంటాడు. నువ్వన్నట్టు ముందువాడి బలంతో నడిచే రైలైతే, ఒక్కసారి తప్పు మనిషిని పట్టుకుని దించేశాక ఇంక పట్టుకోవడానికి బలముండదు. రైలు అక్కడే ఆగిపోతుంది. అందుకే పెరగడం ఎప్పుడూ మూడో నంబరు కొసనే."

తర్వాత ఇంకో రైలు. మొదటిదానికి పక్కనే, ఎదురు దిశలో. పక్కపక్కన ఉన్నవాళ్లు మోచేతులు ఆనించుకున్నారు. ఇది పైకి, అది కిందికి. రెండు రైళ్లూ విడిపోతే, వాటి పక్కన కొత్త రైళ్లు ఎలా పుడతాయో వాళ్లే కదిలి చూపించారు. ఒకవైపు గబగబా సాగిపోయింది. ఎదురు దిశలో ఉన్నవైపు ముక్కలు ముక్కలుగా ఎక్కి, ఆ తర్వాత ముక్కలు అతుక్కోవలసి వచ్చింది. ఆ గోలకి పక్క క్లాసు సారు వచ్చి గుమ్మంలో నిలబడి, వెళ్లకుండా చూస్తూ ఉండిపోయాడు.

అందరూ కూర్చున్నాక ప్రిన్సిపాల్‌గారు లేచారు. "చివర్లో చెబుతానన్నారు. ఆ నిచ్చెన మెలిపడదేం?"

"మా ఆయన కట్టాడండి. వల మెలిపడితే చేపలు పోతాయి, పరువు పోతుంది. అందుకని రెండు తాళ్లకీ ఎదురుపురి పెట్టాడు. ఆయన చేతికి అదే అలవాటు."

"మరి అసలుదెందుకు మెలిపడుతుంది?"

"దాని మెట్లకి నీళ్లంటే పడదండి. కణమంతా నీళ్లే. మెట్లు ఆ నీళ్లు మధ్యలోకి రాకుండా ఒకదానిమీద ఒకటి దగ్గరగా జరుగుతాయి. తాళ్లు పొట్టివి కాలేవు. తాళ్లు అంతే పొడవుండి మెట్లు మాత్రం దగ్గరవ్వాలంటే నిచ్చెన మెలి తిరగాల్సిందే." నిచ్చెన కింది కొసలు పట్టుకుని కుడికి తిప్పి చూపించాను. మెట్లు ఒకదానికొకటి దగ్గరయ్యాయి. ఈసారి చెయ్యి వదల్లేదు.

మధ్యాహ్నం ఆయన గదిలో ఏం చెప్పారో వెంటనే చెప్పేస్తే మీకు సరదా ఏముంటుంది? నేను ఇంటికి వచ్చేసరికి అరుగు మీద దాలయ్య మావ కూర్చుని ఉన్నాడు. అత్త ఎండుచేపల గంప పక్కకి జరిపి నా మొహం చూస్తోంది. ఈశ్వర్ గుమ్మంలోకి ఎదురొచ్చాడు.

"ఎలగేలాడింది?" అన్నాడు ఆత్రంగా.

సంచి అతని కాళ్ల దగ్గర పడేశాను. బస్సులో కూర్చున్నంతసేపూ కూడబెట్టుకున్న కోపం ఒక్కసారిగా బయటికొచ్చింది. "ఏలాడింది. కర్రలాగ ఏలాడింది. సచ్చినా మెలిపడలేదు. పిల్లలు పొట్టసెక్కలయ్యేలాగ నవ్వేరు. లచ్చణంగా మెలిపడ్డదాన్ని ఎవల్నడిగి ఇప్పేసినావు?"

"మెలిపడకూడదనే గదా..." అన్నాడు.

దాలయ్య మావ గొంతు సవరించుకున్నాడు. "నానే అన్నాను. గురువారం ఇటెల్తా సూసేను. ఏరా, మెలిబడ్డ దాన్ని సదువుకున్నోళ్ల కాడికి పంపుతావేటి, నీ పెళ్లానికి తలవంపులు గాదా, ఇలాంటిది బోటు మీద దించితే నిన్నూ నీళ్లలోకి దించేత్తారు అన్నాను. నాకేటి తెలుసే దేవీ, అది అలగే ఉండాలని?"

"మావకి తెలీదు. నీకు తెలీదా బావా? బాగుందని సెప్పేను గదా నీకు!"

ఈశ్వర్ సంచిలోంచి బయటికొచ్చిన తాడు కొసని చేత్తో తడుముతున్నాడు. తలెత్తలేదు. "నా మనసు నొచ్చుకుంటాదని అలగన్నావనుకున్నాను" అన్నాడు. "నాను ఏటి సేసినా నువ్వు బాగుందనే అంటావు. ఆడ నలుగురిలో నీ పరువు పోతాదని... నువ్వు లేని పూట సూసి మళ్లీ కట్టేను."

నా కోపం ఏమైపోయిందో నాకే తెలియలేదు. ఆ మనిషి మీద ప్రేమ ఎంత పొంగుకొచ్చిందంటే, అత్తా మావా లేకపోతే అక్కడే మెడ కావలించుకునేదాన్ని. వంకర పని నా చేతిలో పెట్టి పంపడం ఇష్టంలేక, ఒక రోజంతా కూర్చుని మళ్లీ బెండ్లు గుచ్చి, మళ్లీ రంగులు సరిచూసి, మళ్లీ ఐదూ మూడూ గుర్తుపెట్టుకుని కట్టాడు.

నేను మాట్లాడకపోయేసరికి అతను ఇంకోలా అర్థం చేసుకున్నాడు. దాలయ్య మావ వైపు తిరిగాడు. మొహం చిన్నబోయింది.

"నానే దీని ఉజ్జోగం పోగొట్టేను. నా పేరు ఉంచు మావా. రేపు ఒస్తాను."

"ఉండు మావా!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది. "ఉజ్జోగం పోయిందని నానన్నానేటి? సోమవారం నుంచి రమ్మన్నారు."

అత్త "ఓలమ్మో" అని గంప పక్కనే కూలబడింది. ఈశ్వర్ నమ్మలేదు. నన్నూ నిచ్చెననీ మార్చి మార్చి చూశాడు.

"నీ బెండూ గుండూ సూపించే దిశ సెప్పేను. నీ నిచ్చెన మెలిపడకపోవడంతోనే అసలుది ఎందుకు మెలిపడతాదో సెప్పేను. పెద్దసారు ఏటన్నారో తెల్సా? ఇది ఇలగే ఉంచండమ్మా, మెలిపడేది ఇంకోటి కట్టించి తెండి, రెండూ పక్కపక్కన పెడదామన్నారు. సోమవారం పట్టుకెల్లాలి. నువ్వు రేపు బండెక్కేస్తే ఎవలు కడతారు?"

దాలయ్య మావ నవ్వుతూ లేచి కండువా దులుపుకున్నాడు. "సరిపోయింది. ఈడి బెర్తుకి ఇంకొకణ్ని సూసుకుంటాను" అన్నాడు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "మంచి పనోణ్ని పట్టేసినావే గుంటా" అని నన్ను దీవించాడో తిట్టాడో తెలియకుండా వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున్న ఈశ్వర్ అరుగు మీద కూర్చున్నాడు మెలిపడే నిచ్చెన కట్టడానికి. పాపం, ఎంత కష్టపడ్డాడో చెప్పలేను. ఎడమపురి తాడు ఒకటి తీసుకుంటాడు, రెండోదానికి చెయ్యి దానంతటదే కుడిపురి చుట్ట మీదికి పోతుంది. నేను చేతి మీద ఒకటిచ్చి ఆ చుట్ట లాక్కుంటాను. కాసేపటికి మళ్లీ అదే పని. చివరికి కుడిపురి చుట్ట మీద నేనే కూర్చున్నాను. తప్పు పని చేస్తున్న దొంగలాగా అటూ ఇటూ చూస్తూ కట్టాడు. చూరుకి తగిలించి వదిలాడు. అది మెల్లగా, అందంగా కుడికి తిరుగుతూ మెలికలు పడింది. అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వెరావల్ వెళ్లేవాళ్లు సంచులు భుజాన వేసుకుని, స్టేషనుకి పోయే ఆటో కోసం మా ఇంటి ముందు నుంచి వెళ్తున్నారు. అందరూ ఈశ్వర్‌తో కలిసి ఏటా రైలెక్కేవాళ్లే. అందులో ఒకడు చూరు వైపు చూసి, "ఏటన్నా, నీ సేతిలో తాడు మెలిపడిపోనాదేటి?" అని కేకేశాడు.

ఈశ్వర్ లేచి నిలబడ్డాడు. ఈసారి మొహం తిప్పుకోలేదు. "అది ఇలగే ఉండాల్రా" అన్నాడు. "నీ ఒంట్లోనూ ఇలగే ఉన్నాది. ఒకటి పైకెల్తాది, ఒకటి కిందికొస్తాది. మా దేవినడుగు, సెప్తాది."

వాళ్లు నవ్వుకుంటూ, చేతులూపుకుంటూ వెళ్లిపోయారు. సరుగుడు తోట మలుపు దగ్గర ఆటో కనబడకుండా పోయేదాకా ఈశ్వర్ అలాగే చూస్తూ ఉన్నాడు. తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఈడ సలికాలం ఎలగుంటాదే? ఎక్కువేస్తాదేటి సలి?" అన్నాడు.

"ఏస్తాది" అన్నాను. "దుప్పటి ఒకటే ఉన్నాది."